సదాపాకు కుండీ

మా అమ్మ మేడమీద పెంచే మొక్కల్లో సదాపాకు కుండీకి ఉన్న మర్యాద మరి దేనికీ లేదు. చూపుకి ఏమంత గొప్పది కాదు. సన్నని ఆకులు, ముక్కు అదిరిపోయే ఘాటు. పసిపిల్లలకు రొంప చేస్తే ఆ ఆకు నూనెలో వెచ్చచేసి అరికాళ్ళకు రాయడం అమ్మకు వాళ్ళమ్మ నుంచి వచ్చిన అలవాటు. నేను డిగ్రీ చదివి ఆఫీసులో చేరాక కూడా, తుమ్మితే చాలు, నూనె గిన్నె పట్టుకుని వెంటపడేది.

కింది వాటాలో ఉండే ఆవిడను నేను మిషనత్తయ్య అంటాను. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, దిండు గలీబులు కుడుతుంది. కూతురు పనికి వెళితే ఆమె పసిబిడ్డను ఈవిడే చూసుకుంటుంది. ఆ బిడ్డకు ఎప్పుడూ ముక్కు కారుతూనే ఉండేది. "ప్రతిసారీ అడగడమెందుకు వదినా, కావలసినప్పుడు పైకెళ్ళి కోసుకో" అని అమ్మే చెప్పింది.

వానలు వెలిశాక కుండీలో ఆకు తరిగిపోసాగింది. ముందు చిగుళ్ళు, తర్వాత రెమ్మలు. మందారానికి పిండినల్లి పడితే అమ్మ సబ్బునీళ్ళతో కడుగుతుంది, వంగమొక్కకు పురుగొస్తే వేపనూనె చల్లుతుంది. సదాపాకు జోలికి మాత్రం ఏ పురుగూ రాదని ఆమె నమ్మకం. ఆ వాసనకే పారిపోతాయని, చీడపట్టిన మొక్కల మధ్య దాన్ని కాపలాగా పెట్టేది. ఆకుల మీద నలుపూ తెలుపూ మరకలు కనబడితే రెట్ట వేసి పోయాయని కాకుల్ని తిట్టింది.

ఒక ఉదయం చూస్తే మొక్కకు దాదాపు పుల్లలే మిగిలాయి. అమ్మ నీళ్ళ చెంబు చేత్తో పట్టుకునే కిందికి దిగింది. మిషనత్తయ్య గదిలో ఇద్దరు ఆడవాళ్ళు కొలతలిస్తున్నారు.

"కోసుకోమన్నాను గానీ, మొక్కంతా దూసెయ్యమన్నానా వదినా?"

మిషనత్తయ్య టేపు మెడలో వేసుకుంది. "నేను మొన్న రెండు రెమ్మలు కోశాను. అంతే."

"మరి మిగతాది మేకొచ్చి మేసిందా? మేడమీదికి నువ్వు కాక ఇంకెవరొస్తారు?"

"నా దగ్గర ఎన్ని ఇళ్ళ గుడ్డ ఉంటుందో తెలుసా నీకు? ఒక్క ముక్క పోయిందని ఎవరూ అనలేదు ఇంతవరకూ."

"గుడ్డ సంగతి నాకెందుకు. నా ఆకు సంగతి చెప్పు."

కొలతలిస్తున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఆదివారం నాన్న టీ గ్లాసుతో మేడెక్కాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఏది చెప్పినా హారన్ కొట్టినట్టే చెబుతాడు. "ఏమే! ఒకసారి ఇలా రా. నీ కాకి రెట్ట నడుస్తోంది!"

నేనూ అమ్మా పరిగెత్తాం. నిజంగానే నడుస్తోంది. రెట్ట కాదు, పురుగు. కింద మిగిలిన నాలుగాకుల దగ్గర, కాడ రంగులో కలిసిపోయి చిటికెన వేలంత పచ్చ పురుగులు ఇంకా ఉన్నాయి. ఫోన్‌లో వెతికాను. నిమ్మచెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకవట, చిన్నప్పుడు రెట్టలా ఉండి పెరిగాక పచ్చబడతాయట. సదాపాకుదీ నిమ్మ కుటుంబమే. మిగతా పురుగుల సంగతేమో గానీ, దీన్ని పిలిచేది ఆ వాసనే.

అమ్మ ఫోన్ వైపు చూడలేదు. "నలుగురి ముందు ఎంత మాటన్నాను" అంది.

మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు కిందికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. మిషనత్తయ్య గుడ్డ కత్తిరిస్తోంది. పసిబిడ్డ పక్కన నిద్రపోతోంది.

"పురుగు తినేసింది వదినా. నేనే తొందరపడ్డాను. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోనులెండి" అంది ఆవిడ, కత్తెర ఆపకుండా. "ఆ రోజున్న ఇద్దరిలో ఒకావిడ, ఇచ్చిన గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. రెండో ఆవిడ మిగిలిన ముక్కలు లెక్కచూసి మరీ తీసుకుంది. మీరు అనేటప్పుడు జనం ముందు అన్నారు. ఇప్పుడేమో గదిలో ఎవరూ లేరని చూసుకుని వచ్చారు."

ఆ రాత్రి అమ్మ అన్నం కెలుకుతూ, "రేపు జనం ఉన్నప్పుడే వెళ్తాను. వాళ్ళ ముందే చెబుతాను" అంది. నాన్న తలూపాడు.

మర్నాడు ఉత్త చేతులతో వెళ్ళలేక ఒక జాకెట్ పట్టుకుంది. నేను మెట్ల మీద నిలబడ్డాను. గదిలో ముగ్గురు ఆడవాళ్ళు. ముక్కలు లెక్కచూసుకున్న ఆవిడ కూడా ఉంది. అమ్మ గుమ్మంలోకి రాగానే మిషనత్తయ్య తొక్కడం ఆపింది. తలెత్తి అమ్మను చూసింది. కోపంగా చూడలేదు. ఎదురుచూసింది. మిగతావాళ్ళూ ఇటు తిరిగారు.

అమ్మ పెదవులు కదిలాయి.

"హుక్కు ఊడింది" అంది. "కొంచెం కుట్టి పెడతారేమోనని."

మిషనత్తయ్య జాకెట్ అందుకుని, హుక్కు కుట్టి, దారం పంటితో కొరికి, మడిచి చేతికిచ్చింది. మేం మెట్లెక్కుతుంటే మిషన్ చప్పుడు మళ్ళీ మొదలైంది.

"చెప్పావా?" అన్నాడు నాన్న.

"గదినిండా జనం ఉన్నారు."

"జనం ఉంటారనే కదా వెళ్ళావు." ఈసారి వేళాకోళం ఆడలేదు, గొంతు పెంచలేదు.

అమ్మ మంచం మీద కూర్చుని జాకెట్ మడత విప్పింది. హుక్కు పెట్టి చూసింది. తీసి, మళ్ళీ పెట్టింది.

"గట్టిగా కుట్టింది" అంది.