టైర్ల మొక్కు

హన్మకొండలో డ్రిల్ మాస్టరుగా ఉన్న నేను ఉత్తర ధ్రువం దాపున మంచు దాటడానికి పనికొస్తానా రానా అన్నది ఖిలా వరంగల్ రోడ్డు మీద, మే నెల ఎండలో తేలింది. ఎనభై మూడు నాటి సంగతి.

మొత్తం నలుగురం. గ్రీన్‌లాండ్ మంచు మీద సామాను బండిని మేమే లాక్కుంటూ నెల రోజులు నడవాలి. అందుకు సాధనగా నడుముకు తాడు కట్టుకొని, రెండు లారీ టైర్లు ఈడ్చుకుంటూ రోజూ స్టేషన్ నుంచి ఖిలా దాకా నడిచేవాణ్ణి. జట్టు నాయకుడు శ్రీనివాస్ హైదరాబాద్ నుంచి ఉత్తరం రాశాడు: "పధ్నాలుగున వస్తున్నా. ఎక్కడా ఆగకుండా గంటన్నరలో లాగితేనే నీకు చోటు." ఆ మనిషికి గడియారమే దేవుడు.

మా ఊళ్లో టైర్లు ఈడ్చేవాణ్ణి చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? మొక్కు అనే అనుకున్నారు. మామిడికాయలమ్మే బక్కమ్మ మొదటి రోజే బిందెడు నీళ్లు నా కాళ్ల మీద కుమ్మరించింది.

"ఎవలకు బాగలేదు బిడ్డా?"

"మొక్కు గాదవ్వా. మంచు మీద నడిచేటందుకు తయారైతాన."

"అయ్యో, నీకే బాగలేదా!" అంటూ టైర్లకు పసుపు కూడా రాసింది.

పరీక్ష రోజు శ్రీనివాస్ స్కూటర్ మీద నా వెనకే వచ్చాడు. కోట బయటి దర్వాజ దగ్గర బక్కమ్మ బిందెతో ఎదురొచ్చింది. నేను ఆగలేదు. అరవై ఏళ్ల మనిషి, చెప్పుల్లేకుండా, "కాళ్లు తడవకుండ పోవద్దు బిడ్డా, జర ఆగు!" అని కాలే తారు మీద నా వెంట పరుగెత్తింది. నాకు సిగ్గేసింది. ఆగాను.

"అయిపోయింది భాస్కర్, ఆగొద్దన్నాను కదా," అన్నాడు శ్రీనివాస్ గడియారం చూసుకుంటూ.

బక్కమ్మ అతని వైపు తిరిగింది. "మొక్కుకు గడియారం పెడ్తవా? నువ్వు గుంజి సూడు, తెలుస్తది!"

ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు చేరారు. బిందెలో నీళ్లు అతని కొత్త బూట్లలోకి పోయాయి. నా తాడు అతని నడుముకెక్కింది. మిగిలింది ఒక్క కిలోమీటరే. దానికి అతను మూడుసార్లు కూలబడ్డాడు, గంట పట్టింది. తర్వాత నా గంటన్నర ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టులో, మంచు మీద పంతొమ్మిదో రోజున, ఎదురుగాలిలో శ్రీనివాసే చతికిలబడ్డాడు. "నా వల్ల కాదు, మీరు వెళ్లండి," అన్నాడు. అతన్ని ఆ తెలుపులో వదిలేసి ఎక్కడికి వెళ్తాం? నాకు భయమేసింది. ఎందుకో బక్కమ్మ మీద బెంగ కూడా వేసింది. ఫ్లాస్కులో ఉన్న నీళ్లు కాసిని అతని బూట్ల మీద పోశాను. పోసినవి పోసినట్టే గడ్డకట్టాయి.

"ఎవలకు బాగలేదు బిడ్డా?" అని అడిగాను.

అతను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకొని లేచి, తాడు నడుముకు కట్టుకున్నాడు. గడియారం చూడలేదు.