అభ్యంతరం ఉన్నవారు

కరుణకుమారికి ఎక్కిస్తున్న రక్తం సీసా ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఐదేళ్ల పిల్ల. పొట్ట ఎత్తుగా, ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. విశాఖ పెద్దాసుపత్రి వరండాలో తండ్రి ఏసుపాదం అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాపీ పని మానుకుని నెలనెలా నర్సీపట్నం నుంచి రావడం అతనికి విసుగు. ఆ విసుగు పుడుతున్నందుకు సిగ్గు కూడా.

"మళ్లీ నెలకి ఈ రగతం అయిపోద్దా డాక్టరమ్మా?" అని కొత్తగా వచ్చిన డాక్టరుని అడిగింది తల్లి రత్నమణి. "నాను పాలు సరిగ్గా ఇవ్వనేదనీసి మా అత్త అంతాదండి."

"పాల వల్ల కాదమ్మా. ఇది పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. థలసీమియా అంటారు. ఈ లోపం మీ ఇద్దరిలోనూ కొంత కొంత ఉంది. అందుకే మీకు బాధ తెలియదు. రెండు వైపుల నుంచీ చేరేసరికి పిల్లకి రక్తం నిలవడం లేదు. మీకు ముందే చుట్టరికమా?"

"మా మేనత్త కొడుకండి."

"అయితే మీ రెండిళ్ల మధ్య ఇంకో పెళ్లి అనుకుంటే ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి. ఇద్దరిలోనూ ఉంటే ఆ పెళ్లి వద్దు."

రత్నమణి వరండాలో ఉన్న భర్త వైపు చూసింది. చెల్లెలు లీలని మరిది జ్ఞానరాజుకే ఇస్తున్నారు. వచ్చే నెలలోనే పెళ్లి.

"ఇంటికాడ ఈ మాటెత్తకు" అన్నాడు ఏసుపాదం బస్సులో.

ఆమె ఎత్తింది. అత్త సోమలమ్మ చేటలో బియ్యం వదిలేసి లేచింది.

"నా పుట్టింటి రగతం సెడ్డదంతావేటే? నీకు మాత్రం అది పుట్టిల్లు కాదేటి?" అంటూ అరిచి, అంతలోనే గొంతు తగ్గించింది. "నా కడుపునా ఇద్దరు ఇలాగే తెల్లబడిపోయి పోనారు. దేవుడు తీసుకున్నాడనుకున్నాను. ఇప్పుడు నానే సంపుకున్నానంతావా?"

"నువ్వు సంపనేదత్తా. అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది గదా."

సోమలమ్మ మళ్లీ చేట ముందు కూర్చుంది. పరీక్షకి మాత్రం ఎవరూ కదల్లేదు. ఊరంతా తమది రోగం వంశం అంటుందని జ్ఞానరాజు భయం.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరు అయ్యగారు కాగితం తీసి జ్ఞానరాజు, లీల పేర్లు చదివారు.

"ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పండి."

ప్రతి పెళ్లికీ చదివే మాటే. దానికి ఎవరూ జవాబు చెప్పి ఎరగరు. పిల్లని చంకనెత్తుకుని రత్నమణి లేచి నిలబడింది.

"నాకుందండి."

"కూకోయే!" అన్నాడు ఏసుపాదం మగవాళ్ల వైపు నుంచి.

"పెళ్లొద్దనడం నేదు అయ్యగారూ. ఇద్దరికీ రగతం పరీక్ష సేయించీదాకా ఆపమంతన్నాను. నా గుంటలాటి పిల్ల ఈ ఇళ్లల్లో ఇంకోటి పుట్టకూడదు."

"అక్కా, నీ కాళ్లట్టుకుంతాను, కూకో" అంది లీల వెక్కుతూ.

ఆ ఏడుపుకి రత్నమణికి నిజంగానే కూర్చోవాలనిపించింది. అయ్యగారు కాగితం మడవలేదు, తర్వాతి మాటా చదవలేదు. వెనక బెంచీల్లో గుసగుసలు పెరిగాయి.

పక్కన కూర్చున్న సోమలమ్మ తలెత్తి ఎవరినీ చూడలేదు. చేతులు చాపి కోడలి చంకలోంచి పిల్లని తన ఒళ్లోకి తీసుకుంది.

రత్నమణి నిలబడే ఉంది.