పెట్టె ఎక్కి చదివిన ఉత్తరం

కార్మికులకు చదివి వినిపించడానికి నేను రాసిన కాగితాన్ని మేనేజరు రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. ప్యాకింగ్ విభాగం నెలాఖరున మూతపడుతుంది. పక్క ఫ్యాక్టరీలో చేరదలచినవారు రేపు మధ్యాహ్నంలోగా అక్కడ పేరు ఇవ్వాలి.

"ఇదేం ఉత్తరం మాస్టారూ, చావు కబురులా ఉంది. కాస్త ధైర్యంగా రాయండి. వింటే ఉత్సాహం రావాలి."

"ధైర్యంగానే రాశాను."

"రేపే అందరూ పోతే ఈ నెల సరుకు ఎవరు కడతారు?"

తనే ఇంకొకటి రాసిచ్చాడు. సంస్థ రెక్కలు విప్పుతోందట. మూత అన్న మాట లేదు. పక్క ఫ్యాక్టరీ ఊసు లేదు.

ఆరేళ్ల క్రితం కుట్టు విభాగానికి అలాంటిదే నేనూ రాశాను. నా భార్య అక్కడ పనిచేసేది. మా ఆయనే రాశాడని పక్కింటావిడకు చెప్పుకుని, చేతికొచ్చిన ఇంకో ఉద్యోగం వదులుకుంది. విభాగం మూసేశాక నన్ను ఒక్క మాట అనలేదు. చనిపోయేదాకా అనలేదు. అప్పటి మేనేజరు మాత్రం నన్ను మెచ్చుకున్నాడు. అతన్నీ నన్నూ నేను క్షమించలేదు.

మా దగ్గర నోటీసు బోర్డు ఎవరూ చదవరు. భోజనాల వేళ నేను చెక్కపెట్టె ఎక్కి చదవాలి, వాళ్లు తింటూ వినాలి. ఎక్కి మొదటి వాక్యం చదివాను. కొందరు చప్పట్లు కొట్టారు.

"రెక్కలు సరే బావా," అన్నాడు నా భార్య తమ్ముడు. "నేను పక్క ఫ్యాక్టరీకి పోవాలా, వద్దా?"

"మీ బావని చదవనివ్వవయ్యా," అంది వెనకనుంచి ఒకామె. "పెళ్లిచూపుల్లోనూ ఇంతే తొందరపడ్డావు."

అందరూ నవ్వారు. నేను కాగితం మడిచాను.

"నెలాఖరుకి ప్యాకింగ్ మూసేస్తున్నారు. రేపు మధ్యాహ్నంలోపు అక్కడ పేర్లివ్వండి."

"నిజమా అన్నయ్యా?" అంది ఆమె. "మరి ఆ రెక్కలు?"

"అవి మేనేజరుగారివి."

సాయంత్రం మేనేజరు నా గుర్తింపు కార్డు తీసేసుకున్నాడు.

"ఒక్కరోజు ఆగుంటే ఏం పోయేది?"

"వాళ్లకి ఉన్నది ఆ ఒక్కరోజే."

మర్నాడు పక్క గేటు దగ్గర వరుసలో బావమరిది ముందున్నాడు. నన్ను చూసి కాస్త జరిగాడు.

"రా బావా. వీళ్లకి ఉత్తరాలు రాసేవాళ్లు అక్కర్లేదట, మూటలు మోసేవాళ్లు కావాలట. నీ నడుం సంగతి మాత్రం ఎత్తకు."

"మధ్యలో దూరితే వెనకవాళ్లు ఊరుకుంటారా?"

"అడుగు."

వెనక్కి తిరిగాను. మా ప్యాకింగ్ వాళ్లే. తలా ఒక అడుగు వెనక్కి జరిగారు. నిలబడ్డాను.