తెల్ల బాణం

జులై తొమ్మిదిన జయశీలన్ మధ్యాహ్నం తిన్నది జొన్నరొట్టె, ఆఫీసు ఊడ్చే జంగమ్మ తన ఇంటి నుంచి తెచ్చిచ్చిన పచ్చిపులుసు. రొట్టె ముందురాత్రిది, కాస్త బిరుసెక్కింది. ముక్కను పులుసులో నానబెట్టుకుంటూ, ఎడమచేత్తో మౌసు జరుపుతూ, తెర మీది నీలిరంగును ఒక పిసరు తగ్గించి, చూసి, మళ్లీ పెంచాడు. శంషాబాద్ బస్టాండు వెనక సందులో, టైర్ల దుకాణం పై అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం గలగలమనేది. ఆయన తల ఎత్తేవాడు కాదు.

యాభై దాటిన మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. చొక్కా కాలరు అరిగింది. భార్య సరోజమ్మ పోయాక దాన్ని తిప్పి కుట్టేవాళ్లు లేరు. డిగ్రీ చదివి ప్రింటింగ్ ప్రెస్సులో చేరాడు. పెళ్లికార్డుల మీది పేర్లు, దుకాణాల లెటర్‌హెడ్లు, ప్లాట్ల ఫ్లెక్సీలకు తలకట్లు. బతుకంతా కాగితం పైభాగానికే సరిపోయింది. కింద ఏముండాలో ఎప్పుడూ ఇంకొకరే రాసేవారు. ప్రెస్సు మూతపడ్డాక ఈ ఆఫీసు యజమాని రవీందర్ పిలిచి, మొబైల్ యాప్‌లలో పైన ఉండే పట్టీని తీర్చిదిద్దే పని ఇచ్చాడు. పట్టీ రంగు, అందులో పేజీ పేరు, ఎడమ పక్కన వెనక్కి పోయే బాణం. చిన్న పనే. మనసుపెట్టి చేసేవాడు.

ఇప్పుడు చేస్తున్నది ఒక ట్రావెల్స్ కంపెనీకి, దాని ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ల యాప్. కొత్త రూపం ముందురోజే డ్రైవర్ల ఫోన్లలోకి వెళ్లింది. పేజీ మొదట్లో ఉన్నంతసేపు పట్టీకి రంగుండదు, వెనకనున్న మబ్బుల ఫొటో కనిపిస్తుంది. వేలితో పైకి జరపగానే నీలమవుతుంది. "అన్నా, విమానమెక్కినట్టున్నది" అన్నాడు రవీందర్. ఆ మాటను జయశీలన్ ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా నెమరేసుకున్నాడు.

ఈరోజు రొట్టె తింటుండగానే మెట్లెక్కి యాదయ్య వచ్చాడు. కిరాయి కారు నడిపే ముసలి డ్రైవరు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. పొద్దున వచ్చిన ట్రిప్పులు ఒక్కటీ ఒప్పుకోలేదని యాప్ ఆయన్ను ఆపేసింది.

"చేసిన ట్రిప్పుల పేజీల పడ్డ సారూ. ఇగ బయటికి రాలే. ఫోన్ మోగుతనే ఉన్నది, నేను ఆడనే ఉన్న."

డ్రైవర్లు పొరపాటున యాప్ మూసేస్తున్నారని, ఫోను సొంత వెనక్కి బటన్‌ను ఆఫీసువాళ్లే పనిచేయకుండా చేశారు. పైనున్న బాణమొక్కటే దారి.

"ఎడమ పక్కన బాణముంటది యాదన్నా, అది నొక్కాలె" అన్నాడు జయశీలన్.

"ఏడ? అంత తెల్లగనే ఉన్నది."

లోపలి గదిలోంచి రవీందర్ గొంతు వినిపించింది. "కాకా, నీకు కండ్లద్దాలు కావాలె. ఇంట్ల చిన్నమ్మనన్న గుర్తుపడ్తున్నవా?"

అందరూ నవ్వారు. జయశీలన్ కూడా నవ్వాడు. పెద్దగా కాదు, అందరితో కలిసినట్టు ఉండేంత. యాదయ్యా నవ్వి, ఫోను బల్ల మీద పెట్టాడు. "జర సూడుండ్రి సారూ. పొద్దూకే లోపల షురు కాకుంటే ఓనరు కారు ఇంకొకనికిస్తడు" అని బయటికి వెళ్లాడు.

చేయి కడుక్కొచ్చి జయశీలన్ ఆ ఫోను తెరిచాడు. పరీక్షకని తను పెట్టుకున్న ఖాతాలో ట్రిప్పులు తెర దాటి ఉండేవి. వేలు తగిలితే పేజీ జరిగేది, పట్టీ నీలమయ్యేది, తెల్ల బాణం స్పష్టంగా కనిపించేది. యాదయ్య ఖాతాలో ఉన్నవి రెండే ట్రిప్పులు. రెండు వరసలు ఎక్కడికి జరుగుతాయి? పేజీ కదలలేదు. పట్టీ నీలం కాలేదు. తెల్లని మబ్బు మీద తెల్లని బాణం.

పని దండిగా దొరికేవాడికి దారి కనిపిస్తుంది. దొరకనివాడికే కనిపించదు. అలా చేసింది తనే. తప్పు చేయడం ఒక ఎత్తు, ఆ మనిషి ముందే నవ్వడం ఒక ఎత్తు.

పేజీ జరగకముందు కూడా పట్టీ నీలంగానే ఉండేలా మార్చి యాదయ్య ఫోనులోకి ఎక్కించడానికి ఎంతోసేపు పట్టలేదు. లేచి రవీందర్ గదికి వెళ్లాడు.

"ఆయన కండ్లది కాదు రవీందర్, తప్పు నాది. ట్రావెల్స్ వాళ్లకు చెప్పి ఆయన బ్లాక్ తీపియ్యి."

"మెల్లగ అన్నా! ముసలాయనకు ఫోన్ రాదని ట్రావెల్స్ వాళ్లకు ఇందాకనే చెప్పిన. ఇప్పుడు మనదే తప్పంటే పని మనకు ఉంచుతరా? రేపు చూద్దాం. ఇయ్యాల్టికి ఊకో."

జయశీలన్ ఊరుకున్నాడు. తన సీటుకొచ్చి ట్రావెల్స్ ఆఫీసు నంబరు నొక్కాడు, మోగకముందే ఆపేశాడు. తరువాత ఎవరూ అడగని పనులు చేస్తూ కూర్చున్నాడు.

వెలుగు తగ్గుతుండగా యాదయ్య మళ్లీ వచ్చాడు. ముక్కు మీద కళ్లజోడుంది. బస్టాండు దగ్గర బండి మీద కొన్నది. ఫోను అందుకుని కాస్త దూరం పెట్టి చూశాడు. ముఖం విచ్చుకుంది.

"ఆఁ, అవుపడ్తున్నది సారూ! బాణం! రవీందర్ సారు అన్నది నిజమే, నా కండ్లే."

జయశీలన్ కుర్చీలోంచి లేచాడు. "లేదన్నా. నీ కండ్లు మంచిగనే ఉన్నయి. అది కనిపియ్యకుండ చేసింది నేనే. మధ్యాహ్నమే తెలిసింది నాకు. తెలిసి గూడ కూసున్న."

యాదయ్య కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోనియ్ సారూ. పేపర్ చదువనీకె పనికొస్తయి." ఫోను జేబులో వేసుకుని అన్నాడు, "కారు ఇచ్చేసిన. పహాడీ షరీఫ్ కాడ బిడ్డ ఉంటది, ఆడికి పోత. ఇగ నడుపుడు సాలు."

"నేను మాట్లాడ్త ఓనరుతోటి."

"ఇంకొకడు ఎక్కి కూసున్నడు సారూ. వాన్ని దింపుతమా?"

జేబులోంచి కారులో ఫోను నిలబెట్టుకునే స్టాండు తీసి బల్ల మీద పెట్టాడు. "కారు ఓనరుది గని ఇది నాదే. ఇంట్ల దేనికి? మీరు పెట్టుకోండ్రి." కొత్త అద్దాల్లోంచి నేల ఎంత దూరముందో తెలియక, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగిపోయాడు.

జంగమ్మ చీపురుతో ఒక పక్కన నిలబడి ఉంది. విన్నట్టే ఉంది. "మీరు పోండ్రి సారూ, నేను తాళమేస్త" అన్నది.

జయశీలన్ మెట్ల దాకా వెళ్లి ట్రావెల్స్ ఆఫీసు నంబరు మళ్లీ నొక్కాడు. ఈసారి మోగనిచ్చాడు. అవతల ఎవరో ఎత్తగానే ముందు తన పేరు చెప్పాడు.

లోపల జంగమ్మ బల్లలు తుడిచింది. ఆయన బల్ల మీద స్టాండును కదపకుండా చుట్టూ తుడిచి, దీపం ఆర్పి, మెట్ల మీది మాటలకు అడ్డు రాకుండా తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది. చీకట్లో బల్ల మీద ఆ స్టాండు, అడుగున కారు దుమ్ముతో, దేన్నో అందుకోవడానికన్నట్టు రెండు కొక్కేలూ తెరుచుకునే ఉంది.