ఎండిన గన్నేరు

కుందుర్పి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాక, ప్రహరీగోడకు బదులు పూలపొదలు పెంచాలనుకున్నాను. మందారాలను వేసవి మిగల్చలేదు. నందివర్ధనాలను తిప్పయ్య గొర్రెలు మిగల్చలేదు. మూడోసారి గులాబీరంగు గన్నేరు నాటాను. చెట్టుకు వారానికొక చెంబు నీళ్లు చాలేవి. గొర్రెలు వాసన చూసి తప్పుకునేవి. నా ఎంపికకు నేనే గర్వపడ్డాను.

మొన్న మాఘంలో కొమ్మలు కత్తిరించి కంచె అవతల పడేశాను. నాలుగో రోజున తిప్పయ్య గొర్రెలు రెండు చచ్చిపోయాయి. అతను నేరుగా మా ఇంటికొచ్చాడు.

"దేవేంద్రే మందు పెట్టినాడు టీచరమ్మా! వాని చేన్లో పడినాయని మొన్న కొట్లాడ్లేదా? సాయంత్రం పంచాయితీ పెట్టిస్తాండా. వాణ్ని ఊర్లో ఎవరూ పనికి పిలవకుండా చేస్తా."

"పెడుతుండగా చూశావా?"

"చూడాల్నా? వాడు గాక ఇంకెవరు?"

సాక్ష్యం లేని నేరారోపణను తరగతి గదిలోనే నేను సహించలేదు. పైగా, మందలో ఆ రెండే ఎందుకు చచ్చాయి? అవి రెండూ మంద వదిలి ఎక్కడైనా మేశాయా అని అడిగాను.

"నీ కంచె కాడ."

వెళ్లి చూశాం. నేను పడేసిన కొమ్మల్లో సగానికి ఆకులే లేవు.

"గన్నేరా? గొర్రెలు దాన్ని మూతిక్కూడా తగలనీవు!" తిప్పయ్య పగలబడి నవ్వాడు.

చెట్టు నుంచి పచ్చి ఆకు ఒకటి తుంచి, అతని వెంట వచ్చిన గొర్రె ముందు పట్టాను. మొహం తిప్పుకుంది. ఎండిన ఆకు పట్టాను. మెడ చాచింది. చప్పున పిడికిలి మూసి చెయ్యి వెనక్కు లాక్కున్నాను.

తిప్పయ్య నవ్వు ఆగిపోయింది. "ఎండితే చేదు పోతాదా?"

"చేదు తగ్గుతుందేమో. విషం తగ్గదు."

సాయంత్రం పంచాయితీలో దేవేంద్రను నిలబెట్టక ముందే నేను లేచాను. "గొర్రెలను చంపింది నేను కత్తిరించిన గన్నేరు. తప్పు నాది. రెండు గొర్రెలు నేనిస్తాను."

"కూచో టీచరమ్మా, పెద్దదానివి," అన్నాడు పెద్దమనిషి పుల్లన్న.

"నిలబడే చెప్పాలి."

"మరి నన్ను ఊరంతా తిట్టించినోని సంగతి?" దేవేంద్ర తిప్పయ్య వైపు వేలు చూపించాడు.

తిప్పయ్య నేలకేసి చూశాడు. "నోరు జారినానన్నా."

మరునాటి ఉదయం దేవేంద్ర పార భుజాన వేసుకుని మా కంచె దగ్గరికొచ్చాడు.

"కొమ్మలు పూడ్చేకి గుంత యాడ తవ్వాల టీచరమ్మా?"

చివరి ఆకు మట్టిలో కప్పబడేదాకా తిప్పయ్య తన మందను దూరంగా అదిలించి నిలబెట్టాడు.