కోటేశ్వరి జాకెట్ మీద ముడికుట్టు

కోటేశ్వరి వీడియో కింద దొంగ పేరుతో ఆ మాట రాసింది తనేనని మెహెక్ ఎవరికీ చెప్పలేదు. పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే తల్లి ఇమామ్ బీకి కూడా.

మెహెక్‌కు మగ్గం పని నేర్పిన గురువంటూ లేరు. ఫోన్లో చూసి, కుట్టి, విప్పి, వేళ్లు పొడుచుకుని నేర్చుకుంది. బస్ డిపో వెనక ఇంట్లో పొద్దున్నే చట్రానికి జాకెట్ గుడ్డ బిగిస్తే మధ్యాహ్నం దాకా తలెత్తదు. తన ముడికుట్టు ఆవగింజంత. ఒక్కటీ ఎక్కువతక్కువ ఉండదు. అది వీడియో తీసి పెడితే చూసింది పదకొండు మంది. కొత్త వెంచర్‌లో మగ్గం పనితోనే ఇల్లు కట్టుకున్న కోటేశ్వరి నవ్వుతూ సూది పట్టుకుంటే చాలు, వేలమంది. ఆ కడుపుమంటతో రాసింది: "కుందన్లు కుట్టలే, గమ్ముతోని అంటించింది." అబద్ధమని తెలుసు. అయినా రాశాక కాసేపు మస్తు హాయిగా అనిపించింది.

వాళ్ల ఊరు ఇబ్రహీంపట్నంలో ఫోన్లో రాసిన తిట్టు తెల్లారేసరికి తిట్టుపడ్డవాళ్ల పనిలో తేలుతుంది. హోటల్ మల్లేశయ్య దోసెల మీద "నూనె కంపు" అని ఎర్రగా కాలి వస్తే, జనం చదువుకుంటూనే చట్నీలో అద్దుకుని తినేవాళ్లు. కోటేశ్వరి గుడ్డ మీద తిట్టు కుట్టుగా వచ్చింది, రాసిన మెహెక్ చేతి పనితనంతోనే.

మర్నాడు వీడియోలో ఆమె తను కుడుతున్న జాకెట్ వీపు చూపించింది. మెహెక్ అబద్ధం అక్షరం అక్షరం జరీ ముడుల్లో మెరుస్తోంది.

"ఎవరోగానీ, ఈ చెయ్యి చూడండి," అంది కోటేశ్వరి. "ఇంత సన్నటి ముడి పదిహేనేళ్లలో నేను వెయ్యలేకపోయాను. పెళ్లివాళ్లవి పన్నెండు జాకెట్లు ఒప్పుకున్నాను. ఈ చెయ్యి నాకు కావాలి. నంబరు కిందుంది. తిట్టడానికైనా చెయ్యొచ్చు."

ఇమామ్ బీ ఫోన్లోకి తొంగిచూసింది.

"గిది నీ కుట్టు గదనే."

"అవ్ అమ్మీ."

"మరి తిట్టు?"

మెహెక్ సూది పక్కన పెట్టింది. "అది గూడ నాదే."

"ఎందుకే? ఆమె నిన్నేమన్నది?"

"ఏమనలే. నన్నెవ్వరూ ఏమనలే, మంచిగున్నదని గూడ. గందుకే."

ఇమామ్ బీ ఇంకో మిరపకాయ తొడిమ తీసింది. "తిట్టుడు రాలే నీకు. కుట్టుడు మాత్రం వచ్చింది," అంది.

అప్పటికే వీడియో కింద ముగ్గురు "ఆ కుట్టు నాదే అక్కా" అని రాసేశారు. తిట్టు నాదని ఒక్కరూ రాయలేదు.

అది చదివాక మెహెక్ నడుము నిటారుగా అయింది. తన ముడి ఇంకొకరి పేరు మీద పోవడమా! ముందు తిట్టు సంగతి చెప్పాలి, ఆమె ఏమన్నా పడాలి, కుట్టు సంగతి ఆ తర్వాతే. అట్ల అనుకుని, మెసేజ్ కాదు, ఫోనే చెయ్యాలని నిశ్చయించుకుంది.