ఫెలోకాజి ముఖచిత్రం

దక్షిణాఫ్రికాలోని క్వాజాఖేలే అనే నల్లవాళ్ల పేటలో ఫొటో కావాలంటే ఎవరైనా జుకిస్వా దగ్గరికే వెళతారు. గుర్తింపు కార్డుకైనా, పాస్‌పోర్టుకైనా, స్కూలు వీడ్కోలు విందు రోజున కొత్త బట్టలతో దిగే ఫొటోకైనా ఆమె గరాజు స్టూడియోయే గతి. నల్లటి ఒంటి మెరుపును బూడిద రంగు చేసేయకుండా ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి తేగల చెయ్యి ఆమెది. వారమంతా ఆ పనే. ఆదివారాలు మాత్రం షట్టరు సగానికి దించి వేరే ఫొటోలు తీసేది. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నవాళ్లు తమకు నచ్చిన బట్టల్లో వచ్చి ఆమె ముందు కూర్చునేవారు. ఏడేళ్లలో నలభై ముగ్గురు కూర్చున్నారు.

ఆ ఫొటోలను మారుపేరుతో నగరంలో ప్రదర్శనకు పెడితే పెద్దపెద్దవాళ్లు మెచ్చుకున్నారు. ఈమె నీడ చేత మాట్లాడిస్తుందని పత్రికలవాళ్లు రాశారు. టోపీ అంచు కింద కళ్లు కనిపించవు. కిటికీ వైపు తిరిగిన మెడ మీద వెలుతురు పడుతుంది, మొహం చీకట్లో ఉండిపోతుంది. నలభై మూడింటిలోనూ అంతే. పాఠకులారా, అదేదో కళలోని లోతు అనుకునేరు! అది ఉత్త భయం. ఆడదాన్ని ఆడది, మగవాణ్ణి మగవాడు పెళ్లాడవచ్చని ఆ దేశపు చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. వీధి ఇంకా ఒప్పుకోలేదు. ఫొటోలో మొహం గుర్తుపడితే మర్నాడు టాక్సీ స్టాండు దగ్గర ఏం జరుగుతుందో జుకిస్వాకు తెలుసు. ఎందుకంటే ఆమె కూడా వాళ్లలో ఒకతే. ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పుకోలేదు.

"నా మొహం ఏ సొరుగులో దాచావక్కా?" అని ఫెలోకాజి ఒకసారి తన ఫొటో చూసుకుని నవ్వింది. ఆమెది టైర్ల దుకాణంలో పని, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. బూడిద రంగు సూటు వేసుకుని, టై కట్టుకుని వచ్చి దిగింది.

"నీ మంచికేలేవే," అంది జుకిస్వా.

ఆ తర్వాత రెండేళ్లకు, ఒక శుక్రవారం సాయంత్రం పని నుంచి వస్తుంటే వ్యాను బోల్తా పడి ఫెలోకాజి చనిపోయింది. మంగళవారం నాడు ఆమె తల్లి దగ్గర నుంచి జుకిస్వాకు కబురు వచ్చింది. కూతురివి తీసిన ఫొటోలన్నీ పట్టుకుని రమ్మని.

తల్లిని అందరూ పుట్టింటి వంశం పేరుతో మాటోలో అనే పిలుస్తారు. బిడ్డ పోయిన తల్లి ఖననం రోజు దాకా పడకగదిలో నేల మీద పరిచిన పరుపు దిగకూడదు. పలకరించేవాళ్లే లోపలికి వెళ్లాలి. ముందుగదిలో చనిపోయిన భర్త అన్నగారు వూయిసీలె బల్ల దగ్గర కూర్చుని, అంత్యక్రియల్లో పంచే పుస్తకం సరిచూస్తున్నాడు. ముఖచిత్రానికి ఆయన ఎంచిన ఫొటో బల్ల మీద ఉంది. స్కూలు గౌను, రెండు జడలు, పద్నాలుగేళ్ల పిల్ల. జుకిస్వా తల వంచుకుని లోపలికి వెళ్లింది.

మాటోలో అందరినీ బయటికి పంపి, ఫొటోల కవరు తీసుకుంది. కూతురి ఫోన్లో ఉన్నవన్నీ ఆ ప్రమాదంలో ఫోనుతో పాటే నుజ్జయిపోయాయి. స్నేహితుల దగ్గర ఉన్నవి పుట్టినరోజు గుంపులో మసగ్గా పడ్డవే. ఆమె ఒక్కొక్కటే కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది భుజం. ఇది చెవి. ఇది టోపీ. నా బిడ్డ ఏదమ్మా?"

"మీకు తెలిస్తే బాధపడతారని... ఎవరూ గుర్తుపట్టకూడదని అలా తీశానమ్మా," అంది జుకిస్వా.

"నాకు తెలీకపోవడమేమిటే పిచ్చిదానా? ఆ సూటు ఇస్త్రీ చేసింది నేను! ఆ టై ముడి వేసింది నేను! నీ దగ్గర మొహం కనబడేలా దిగుతానని పొద్దున్నుంచీ అద్దం వదల్లేదు అది. నువ్వేమో దాన్ని తీసుకెళ్లి చీకట్లో కూర్చోబెట్టావా?"

జుకిస్వా ఏడ్చింది. ఏడేళ్లుగా తానొక పుణ్యం చేస్తున్నాననుకుంది. తన భయాన్నే నలభై మూడు మొహాల మీద కప్పుతూ వచ్చానని ఆ పరుపు పక్కన కూర్చున్నాకే అర్థమైంది. తనను తాను అసహ్యించుకుంది.

అయితే ఒకటుంది. ఎవరు కూర్చున్నా ముందుగా వెలుతురు సరిచూసుకోవడానికి ఒక ఫొటో తీయడం ఆమెకు అలవాటు. అందులో నీడలు ఉండవు. ఎవరికీ చూపించేది కాదు గానీ, చెరిపేయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఇంటికి పరుగెత్తి, కంప్యూటరులో వెతికి, పెద్దది చేసి తెచ్చింది. ఫెలోకాజి నేరుగా ఇటే చూస్తోంది. టై కాస్త పక్కకు జరిగింది. ఏదో చెప్పబోతూ ఆగి నవ్వుతున్న మొహం.

మాటోలో దాన్ని చాలాసేపు చూసింది. "మా పడుచు రోజుల్లో తెల్లవాళ్ల ప్రభుత్వం మన చేత మోయించిన పాస్ పుస్తకంలో ఫొటో ఉండేది. పోలీసువాడు చూడ్డానికి. ఇది మనం చూసుకోవడానికి. పుస్తకం మీద ఇదే వెయ్యాలి," అంది.

వూయిసీలె గుమ్మం దగ్గరే నిలబడి చూసి మండిపడ్డాడు. "మాటోలో! నీకు మతి పోయిందా? చర్చివాళ్లు వస్తారు, వంశంలో పెద్దలంతా వస్తారు. టైర్లు మార్చే ఆడదానికి సూటూ బూటూనా? నా తమ్ముడి పేరు బజారున పడేస్తావా?"

"బావగారూ, ఆ స్కూలు పిల్ల ఫొటో వేశారనుకోండి. పెట్టెలో ఉన్నది ఎవరని జనం అడగరా?"

"నోరు లేని దానివనుకున్నానే!"

"ఇన్నాళ్లూ లేదు. దీన్ని వేయకపోతే నేనీ పరుపు మీంచి లేవను. తల్లి లేకుండా మీరే తీసుకెళ్లి పూడ్చుకోండి."

అలాంటి అప్రతిష్ఠ కన్నా సూటే నయమనిపించిందేమో, పెద్దాయన కాసేపు పళ్లు కొరికి జుకిస్వా వైపు తిరిగాడు. "అయితే కింద నీ పేరు కూడా వేయించు. రేపు నలుగురూ ఉమ్మేస్తే నా మొహాన పడకూడదు."

పేరు పడిందంటే, అలాంటి ఫొటోలు తీసేది ఎవరో, ఎందుకో వీధికంతా తెలిసిపోతుంది. గుర్తింపు కార్డుల ఫొటోలకు వచ్చేవాళ్లు మానేయవచ్చు, షట్టరు మీద రాళ్లు పడవచ్చు. అయినా జుకిస్వా కలం తీసుకుని ఫొటో వెనక ఇంటిపేరుతో సహా రాసి ఆయన చేతికిచ్చింది.

శనివారం ఉదయం గుడారం నిండిపోయింది. ముసలమ్మలు కళ్లజోళ్లు పెట్టుకుని ముఖచిత్రం చూశారు. కొందరు గుసగుసలాడుకున్నారు. ఒకాయన పుస్తకాన్ని ఒళ్లో బోర్లించేశాడు. టైర్ల దుకాణం కుర్రాళ్లు మాత్రం దాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. స్నేహితుల మాట చెప్పే వంతు రాగానే, ఎవరూ పిలవకముందే జుకిస్వా లేచింది.

"ఈ ఫొటో తీసింది నేను. రెండేళ్లు దీన్ని ఎవరికీ కనబడకుండా దాచింది కూడా నేనే. నేను కూడా ఫెలోకాజిలాంటిదాన్నే. ఇది ఇవాళే మొదటిసారి నోరు విప్పి చెబుతున్నాను." వెనక వరుసలో ఎవరో "సిగ్గులేదూ!" అన్నారు.

అప్పుడు నల్ల దుప్పటిలోంచి మాటోలో లేచి నిలబడింది. ఖననం రోజున తల్లి మాట్లాడటం అక్కడ ఎవరూ ఎరగరు. ఆ మాట వినబడకుండా చర్చి ఆడవాళ్లు ఎత్తుకున్న పాట ఆగిపోయింది.

"సిగ్గు నాది," అందామె. "ముప్పై ఒక్క ఏళ్లూ నా బిడ్డ ఎవరో నాకు తెలుసు. ఇంట్లో ముద్దు చేశాను, వీధిలో మాత్రం నోరు మూసుకున్నాను. ఇవాళ మూడొందల కాగితాల మీద దాని మొహం అచ్చేయించాను, ఒక్కటి కూడా నాతో మాట్లాడదు. మీ ఇళ్లల్లో ఉన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. పెట్టె మూశాక ఏడ్చి ఏం లాభం, వాళ్లు మీ గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడే వాళ్ల మొహం చూడండి."